న్యూయార్క్‌లో కోర్టులున్నాయి, నేర్పేవాళ్లేరి?

బాస్కెట్‌బాల్ అంటే న్యూయార్క్, న్యూయార్క్ అంటే బాస్కెట్‌బాల్ అనుకున్న కాలం ఒకటుంది. అలా అనుకోవడానికి తగిన రుజువులూ ఆ నగరం దగ్గర దండిగా ఉండేవి. తర్వాతి రోజుల్లో ఎన్‌బీఏగా మారిన లీగు 1946 నవంబర్ 1న మొదలైనప్పుడు తొలి పాయింట్లు సాధించిన ఆసీ షెక్ట్‌మన్ న్యూయార్క్ కుర్రాడే. బాబ్ కూజీ ఆట నేర్చింది క్వీన్స్‌లో. కరీం అబ్దుల్ జబ్బార్ పెరిగింది మన్‌హాటన్ ఉత్తర కొసన, డిక్‌మన్ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో. 1972-73 సీజన్లో స్కోరులోనూ అసిస్టుల్లోనూ లీగంతటికీ మొదటివాడిగా నిలిచిన 'టైనీ' ఆర్చిబాల్డ్‌ది బ్రాంక్స్. లెనీ విల్కెన్స్, కాన్నీ హాకిన్స్ ఇద్దరూ బ్రూక్లిన్‌లోని బాయ్స్ హైస్కూల్ నుంచి వచ్చినవాళ్లే. ఆ ఊరు తనను తాను బాస్కెట్‌బాల్‌కు మక్కా అని చెప్పుకుంటే ఎవరూ కాదనలేదు. ఇప్పుడు అదే మాట అనాలంటే నోరు రావడం లేదు. నగర జనాభా 2020 లెక్కల ప్రకారం 88 లక్షలు, అంటే 1970 నాటికంటే తొమ్మిది లక్షలు ఎక్కువ. వీధి కోర్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఆట మీద మోజూ తగ్గలేదు. అగ్రశ్రేణి ఆటగాళ్లు మాత్రం పలచబడిపోయారు.

ఈ తగ్గుదలను ఎలా కొలవాలన్నదే మొదటి చిక్కు. ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వరుసక్రమంలో ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1969లో జబ్బార్ తర్వాత 2025 దాకా న్యూయార్క్‌లో పెరిగినవాడెవడూ మొదటి స్థానంలో ఎంపిక కాలేదని చాలామంది చెబుతారు. అది నిజమే గానీ దాంతో తేలేది తక్కువ. 1970, 80 దశకాల్లో నగరం ఆటగాళ్లతో కళకళలాడుతున్నప్పుడు కూడా ఆ మొదటి స్థానం దానికి దక్కలేదు. పుట్టిన ఊరును బట్టి లెక్కవేస్తే ఇంకా మోసపోతాం. మైకేల్ జోర్డన్ పుట్టింది బ్రూక్లిన్‌లో, పెరిగింది నార్త్ కరొలైనాలో. కార్మెలో ఆంథొనీ కూడా బ్రూక్లిన్‌లో పుట్టి చిన్నతనంలోనే బాల్టిమోర్ వెళ్లిపోయాడు. ఒక ఆటగాణ్ణి నగరం తయారుచేసిందో లేదో తెలియాలంటే అతను హైస్కూలు చదువు ఎక్కడ ముగించాడో చూడాలి. ఆ కొలతతో చూస్తే 1985 నుంచి 1996 వరకు జరిగిన డ్రాఫ్టుల్లో, తొలి పది స్థానాల్లో న్యూయార్క్ హైస్కూళ్ల నుంచి వచ్చినవాళ్లు కనీసం ఆరుగురు కనిపిస్తారు: క్రిస్ ముల్లిన్, కెన్నీ స్మిత్, ఓల్డెన్ పాలినీస్, కెన్నీ ఆండర్సన్, జమాల్ మాష్‌బర్న్, స్టెఫాన్ మార్బరీ. 2011లో కెంబా వాకర్ తొమ్మిదో స్థానంలో ఎంపికయ్యాడు. ఆ తర్వాత 2012 నుంచి 2025 దాకా పద్నాలుగు డ్రాఫ్టులు జరిగాయి. వాటి తొలి పది స్థానాల్లో న్యూయార్క్ హైస్కూల్లో చదువు ముగించినవాడు ఒక్కడూ లేడు.

కారణం అడిగితే సాధారణంగా వినిపించే జవాబు పిల్లలు మారిపోయారన్నది. ఫోన్లకు అతుక్కుపోయారనీ, వెనకటి పట్టుదల లేదనీ అంటారు. ఈ మాట నిలబడదు. ఫోన్లు అట్లాంటాలోనూ ఉన్నాయి, టొరాంటోలోనూ ఉన్నాయి, అక్కడ ఆటగాళ్లు పెరుగుతున్నారు. ఇంకొందరు వీధి కోర్టు చచ్చిపోయిందంటారు. నా ఉద్దేశంలో అసలు పొరపాటు ఇక్కడే ఉంది. న్యూయార్క్ ఆటగాణ్ణి వీధి కోర్టే తయారుచేసిందన్నది అందమైన కథ, అందుకే అందరూ నమ్మారు. కోర్టు ఆ పనిలో సగం మాత్రమే చేసింది. కోర్టు పక్కన నిలబడి చూసుకున్న పెద్దమనుషులు, వాళ్లకు జీతమిచ్చిన సంస్థలు, సాయంత్రం పూట తలుపులు తెరిచి ఉంచిన బడులు మిగతా సగం చేశాయి. నగరం పోగొట్టుకున్నది ఆ రెండో సగాన్ని.

రకర్ పార్కు సంగతే తీసుకుందాం. న్యూయార్క్ బాస్కెట్‌బాల్ అనగానే కళ్ల ముందు మెదిలేది అదే: హార్లెమ్‌లో 155వ వీధి దగ్గర ఇనుప కంచె, చుట్టూ మూగిన జనం, ఎన్‌బీఏ తారలకు ఎదురొడ్డి ఆడే పేట కుర్రాళ్లు. 1970లో పీట్ ఆక్స్‌తెల్మ్ రాసిన 'ది సిటీ గేమ్' ఆ దృశ్యాన్ని దేశమంతటికీ పరిచయం చేసింది. అయితే పార్కుకు పేరిచ్చిన హోల్కంబ్ రకర్ ఎవరు? నగర పార్కుల శాఖ జీతమిచ్చి పెట్టుకున్న ప్లేగ్రౌండ్ డైరెక్టర్. 1950 ప్రాంతంలో హార్లెమ్ పిల్లల కోసం టోర్నమెంటు మొదలుపెట్టి, ఆటతోపాటు చదువు కూడా సాగాలని పట్టుబట్టినవాడు. ఎందరికో కాలేజీ స్కాలర్‌షిప్పులు ఇప్పించాడు. తానూ సిటీ కాలేజీలో డిగ్రీ పూర్తిచేసి హార్లెమ్‌లోనే ఒక జూనియర్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరయ్యాడు. 1965లో నలభై ఏళ్లయినా నిండకుండా క్యాన్సర్‌తో కన్నుమూశాడు. 155వ వీధి పార్కుకు ఆయన పేరు పెట్టింది తర్వాత దాదాపు పదేళ్లకు. జనం పార్కును గుర్తుపెట్టుకున్నారు గానీ ఆ కొలువును మరిచారు. పిల్లవాడి పేరు తెలిసి, వాళ్లమ్మ ఎక్కడ పనిచేస్తుందో తెలిసి, బడి ఎగ్గొడితే పట్టుకుని అడిగే మనిషిని నగరం జీతమిచ్చి నిలబెట్టింది. వీధి ఆటకు వెన్నెముక అదే.

అలాంటి మనుషులు ఒక్క హార్లెమ్‌లోనే కాదు, ఊరంతా ఉండేవారు. నగర ప్రభుత్వ పాఠశాలల క్రీడా సంఘం 1903 నాటిది. వలస వచ్చిన కుటుంబాల పిల్లల కోసం దాతలు నడిపిన సెటిల్‌మెంట్ హౌసుల్లో జిమ్‌లుండేవి. 1930, 40 దశకాల్లో ఈ ఆటను ఏలింది లోయర్ ఈస్ట్ సైడ్, బ్రౌన్స్‌విల్ పేటల యూదు కుర్రాళ్లు. వాళ్లలో చాలామంది ఫీజు లేని సిటీ కాలేజీలో చేరారు. ఆ కాలేజీ 1950లో ఎన్‌ఐటీ, ఎన్‌సీఏఏ అనే జాతీయ టోర్నమెంట్లు రెండూ ఒకే ఏడాది గెలిచింది. అది మరే కాలేజీకీ సాధ్యం కాని ఘనత. మరుసటి ఏడాదే డబ్బు తీసుకుని స్కోరు తారుమారు చేసిన కుంభకోణం బయటపడి న్యూయార్క్ కాలేజీల పరువు పోయింది. అయినా ఆటగాళ్ల పంట ఆగలేదు. 1957లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ విజేతగా నిలిచిన నార్త్ కరొలైనా జట్టులో మొదట దిగే అయిదుగురూ న్యూయార్క్ చుట్టుపక్కలవాళ్లే. కోచ్ ఫ్రాంక్ మెగ్వైర్ వాళ్లను అక్కణ్ణుంచే ఏరి తెచ్చుకున్నాడు. యూదులు శివార్లకు వెళ్లిపోతే ఆ పేటల్లోకి నల్లజాతి కుటుంబాలు, ప్యూర్టో రికో నుంచి వచ్చినవాళ్లు చేరారు. పేర్లూ భాషలూ మారాయి, ఆటగాళ్లు వస్తూనే ఉన్నారు. దీన్నిబట్టి ప్రతిభ ఏదో ఒక జాతిలో లేదనీ, వచ్చిన ప్రతి తరాన్నీ అందుకుని తీర్చిదిద్దే ఏర్పాటు ఊళ్లో ఉండేదనీ తెలుస్తుంది.

ఆ ఏర్పాటుకు తొలి పెద్ద దెబ్బ 1975లో తగిలింది. నగరం దివాలా అంచుకు వచ్చింది. వేలమంది టీచర్లను తీసేశారు. బడి తర్వాతి కార్యక్రమాలకు, పార్కుల సిబ్బందికి కోత పెట్టారు. మరుసటి ఏడాది నగర కాలేజీల్లో తరతరాలుగా వస్తున్న ఉచిత చదువు కూడా ముగిసింది. ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. కోత 1975లో పడితే, ముల్లిన్, మార్క్ జాక్సన్, ఆండర్సన్, మార్బరీ వంటివాళ్లు ఆ తర్వాతే కదా వచ్చారు? నగరం బీదబడి, నేరాలు పెరిగిన 1980లలోనే ఆట వెలిగింది కదా? నిజమే. విత్తడం ఆపిన ఏడాదే గాదె ఖాళీ కాదు. పాత ఏర్పాటులో తయారైన కోచ్‌లు, రిఫరీలు, పేట పెద్దలు అప్పటికింకా పనిలో ఉన్నారు. క్వీన్స్‌లోని ఆర్చిబిషప్ మల్లాయ్ హైస్కూల్లో జాక్ కరన్ 1958లో చేరి 2013లో చనిపోయేదాకా కోచ్‌గానే ఉన్నాడు. కెన్నీ స్మిత్, కెన్నీ ఆండర్సన్ ఇద్దరూ ఆయన చేతి కింద ఆడినవాళ్లే. ఒక మనిషి ఒకే జిమ్‌లో యాభై ఏళ్లకు పైగా నిలబడితే ఏం జరుగుతుందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ప్రభుత్వం వదిలేసిన చోట కొంతకాలం బరువు మోసింది కేథలిక్ బడులు. పైన చెప్పిన ఆరుగురిలో మార్బరీ ఒక్కడే ప్రభుత్వ బడివాడు, కోనీ ఐలండ్‌లోని లింకన్ హైస్కూల్. మిగతా అయిదుగురూ కేథలిక్ బడుల నుంచి వచ్చారు. జబ్బార్ చదివిన పవర్ మెమోరియల్ కూడా కేథలిక్ బడే. ఆ జట్టు 71 మ్యాచులు వరసగా గెలిచింది. ఆ బడి 1984లో మూతపడింది. కెంబా వాకర్ చదివిన హార్లెమ్‌లోని రైస్ హైస్కూల్ 2011లో, అంటే అతను డ్రాఫ్ట్‌లో ఎంపికైన ఏడాదే, మూతపడింది. నామమాత్రపు జీతానికి పాఠం చెప్పే సన్యాసులు, సన్యాసినులు తగ్గిపోయారు, ఫీజులు పెరిగాయి, చదివించగలిగిన కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి. బాస్కెట్‌బాల్‌తో సంబంధం లేని కారణాలే ఇవన్నీ, నష్టపోయినవాటిలో మాత్రం బాస్కెట్‌బాల్ కూడా ఉంది.

సంస్థ నిలబడితే ఏమవుతుందో అమ్మాయిల ఆటలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ చర్చలో ఎవరూ దాన్ని పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. క్వీన్స్‌లోని క్రైస్ట్ ద కింగ్ అనే ఒకే ఒక్క బడి నుంచి షమీక్వా హోల్డ్స్‌క్లా, సూ బర్డ్, టీనా చార్ల్స్ వచ్చారు. 1999, 2002, 2010 సంవత్సరాల డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్టుల్లో వాళ్లు మొదటి స్థానంలో ఎంపికయ్యారు. పన్నెండేళ్లలో మూడు మొదటి స్థానాలు, ఒకే జిమ్ నుంచి. పైగా సూ బర్డ్‌ది నగరం కాదు, లాంగ్ ఐలండ్‌లోని సయోసెట్. మంచి శిక్షణ కోసం ఆమె శివారు నుంచి నగరంలోకి వచ్చింది. ఇప్పుడు పిల్లలు నడుస్తున్న దారి దీనికి సరిగ్గా ఎదురు.

ప్రభుత్వ బడుల్లో ఇంకో మార్పు వచ్చింది. వేలమంది చదివే పెద్ద హైస్కూళ్లలో చదువు సాగడం లేదని వాటిని మూసి, అదే భవనంలో నాలుగైదు చిన్న బడులు పెట్టడం మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ కాలంలో, 2002 తర్వాత, జోరందుకుంది. బాబ్ కూజీ చదివిన ఆండ్రూ జాక్సన్ హైస్కూల్ అంతకుముందే, 1994లోనే మూతపడింది. చదువు పరంగా ఆ సంస్కరణ కొందరికి మేలు చేసి ఉండవచ్చు, దాన్ని నేను తప్పుపట్టను. ఆట పరంగా మాత్రం పేటకొక పెద్ద బడి, ఆ బడికొక జట్టు, ఆ జట్టు వెనక పేటంతా అనే కట్టు తెగిపోయింది. నాలుగైదు వందలమంది పిల్లలున్న బడికి సొంత జట్టు దొరకడమే కష్టం. ఇక సాయంత్రాలు బడి జిమ్ వాడుకోవాలంటే బయటి సంఘాలు పర్మిట్ తీసుకోవాలి, భవనం సిబ్బందికి అయ్యే ఖర్చు కట్టుకోవాలి. పేట క్లబ్బుకు అది మోయలేని బరువు.

ఇదే కాలంలో ఆట కూడా మారింది, ఆ మార్పు న్యూయార్క్‌కు కలిసిరాలేదు. వీధి కోర్టుల్లో రింగును చాలాచోట్ల రెండు ఇనుప కడ్డీలు జోడించి చేస్తారు. కుర్రాళ్లు పట్టుకుని వేలాడినా వంగదు. కానీ అంచుకు తగిలిన బంతి లోపలికి జారకుండా ఎగిరి బయటపడుతుంది. బోర్డు ఉక్కు రేకు, పైన గాలి. అక్కడ దూరం నుంచి షాట్ వేసేవాడు బంతిని పోగొట్టుకుంటాడు. అందుకే అక్కడి పిల్లలు డ్రిబ్లింగ్‌లో ఆరితేరారు, మనుషుల మధ్య నుంచి దూసుకెళ్లి రింగు కిందనే ముగించడం నేర్చారు. న్యూయార్క్ పాయింట్ గార్డ్ అనే పేరు అలా వచ్చింది. ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత గీసిన 1979-80 సీజన్లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున మూడు కంటే తక్కువసార్లు ఆ గీత బయటి నుంచి ప్రయత్నించేది. 2023-24లో ఆ సగటు 35. ఆ షాట్ ఒకే ఎత్తు, ఒకే రింగు, గాలి లేని గదిలో వేలసార్లు వేస్తేనే చేతికి వస్తుంది. న్యూయార్క్ నుంచి వచ్చిన గొప్ప షూటర్ క్రిస్ ముల్లిన్ జిమ్‌లో గంటల తరబడి ఒంటరిగా సాధన చేసినవాడని అందరికీ తెలుసు. కాబట్టి ఇప్పుడు ఆటగాణ్ణి తయారుచేయాలంటే కావలసింది చదరపు అడుగులు, కప్పు, వేడి, కోచ్, ఏడాది పొడవునా సమయం. భూమి ధర ఆకాశంలో ఉన్న నగరంలో దొరకనివి అవే.

వాటిని ప్రజాధనంతో సమకూర్చిన చోటు ఎలా ఉంటుందో చూడాలంటే వాషింగ్టన్ పక్కనున్న ప్రిన్స్ జార్జెస్ కౌంటీకి వెళ్లాలి. జనాభా పది లక్షలకు లోపే. అందులో నల్లజాతి మధ్యతరగతి ఎక్కువ. కెవిన్ డురాంట్, విక్టర్ ఒలాడిపో, మార్కెల్ ఫుల్ట్స్ అక్కడివాళ్లే. 2007, 2013 డ్రాఫ్టుల్లో రెండో స్థానం, 2017లో మొదటి స్థానం ఆ కౌంటీకి దక్కాయి. డురాంట్ ఎదిగింది సీట్ ప్లెజెంట్‌లో కౌంటీ నడిపే వినోద కేంద్రం జిమ్‌లో. వీధి వీధికీ కోర్టు లేదు గానీ పేట పేటకీ కప్పున్న కేంద్రం, అందులో జీతం తీసుకునే మనిషి ఉన్నారు. రకర్ చేసిన పనే అది, ఊరు మారింది. ఆటగాళ్లు కటిక పేదరికం నుంచే పుడతారన్న నమ్మకానికీ ఇక్కడ జవాబుంది. ఆర్థికవేత్త సేత్ స్టీఫెన్స్-డేవిడోవిట్జ్ 2013లో ఎన్‌బీఏ ఆటగాళ్ల పుట్టుపూర్వాలను పరిశీలించి, ఉన్నంతలో మెరుగైన ప్రాంతాల్లో, స్థిమితమైన కుటుంబాల్లో పెరిగినవాళ్లకే అవకాశం ఎక్కువని చూపించాడు. ఆకలి ఆటగాణ్ణి చేయదు. పేదపిల్లవాడు పైకి వచ్చిన ప్రతిచోటా, ఇంట్లో లేని స్థిమితాన్ని బయట ఎవరో ఇచ్చారు.

జనాభా మార్పే అసలు కారణమని వాదించేవాళ్లున్నారు. ఈ వాదనలో బలం ఉంది. 2000 నుంచి 2020 మధ్య న్యూయార్క్‌లో నల్లజాతి జనాభా దాదాపు రెండు లక్షలు తగ్గింది, పిల్లల సంఖ్య ఇంకా వేగంగా పడిపోయింది. అద్దెలు భరించలేక కుటుంబాలు అట్లాంటాకు, కరొలైనాలకు, శివార్లకు తరలిపోయాయి. ఆటగాళ్లు తగ్గడంలో దీని వాటా పెద్దదే. అయినా దీనితోనే అంతా తేలదు. యూదులు వెళ్లిపోయినప్పుడు ఊరు ఆగలేదు, వచ్చినవాళ్లను అందుకుంది. ఇప్పుడూ కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. హార్లెమ్‌లో పుట్టిన మో బాంబా తల్లిదండ్రులది ఐవరీ కోస్ట్. క్వీన్స్‌లో పెరిగిన హమీదూ డియాలో తల్లిదండ్రులది గినీ. ఎత్తూ చురుకూ ఉన్న పిల్లలు ఊళ్లోనే ఉన్నారు. కానీ బాంబా చదువు ముగించింది పెన్సిల్వేనియాలోని బోర్డింగ్ స్కూల్లో, డియాలో కనెటికట్‌లో. క్వీన్స్‌లోని మల్లాయ్‌లో మొదలుపెట్టిన కోల్ ఆంథొనీ కూడా ఆఖరి ఏడాది వర్జీనియాలోని ఓక్ హిల్‌కు వెళ్లాడు.

ఇలా బయటికి వెళ్లడమే తగ్గుదలకు కారణమని చెప్పడం మాత్రం తర్కానికి నిలవదు. వెళ్లినవాళ్లను లెక్కలో చేర్చుకున్నా వరస పలచగానే ఉంది. 2018లో బాంబా ఆరో స్థానంలో, 2020లో కోల్ ఆంథొనీ పదిహేనో స్థానంలో ఎంపికయ్యారు. వలస జబ్బు కాదు, జబ్బు లక్షణం. పదిహేనేళ్లకే పేరు తెచ్చుకున్న కుర్రాడికి బోర్డింగ్ స్కూలు పిలుపు వస్తుంది, షూ కంపెనీల డబ్బుతో నడిచే క్లబ్బు చోటిస్తుంది. ఆ రెండూ వెతికేది అప్పటికే మెరిసినవాణ్ణి. పన్నెండేళ్లకు పొట్టిగా, బిడియంగా ఉండి, పదిహేడేళ్లకు ఎదిగేవాణ్ణి ఎవరూ పిలవరు. వెనకటి నగరం బలం అలాంటివాళ్లలోనే ఉండేది. వెయ్యిమంది ఆడితే అందులోంచి నెమ్మదిగా ఒకడు తేలేవాడు. ఆ వెయ్యిమందినీ ఇప్పుడు చూసేవాడు లేడు.

ఆట ప్రపంచమంతా పాకింది కాబట్టి ఏ ఒక్క ఊరి వాటా అయినా తగ్గక తప్పదన్నది చివరి అభ్యంతరం. 2023-24 సీజన్ మొదట్లో ఎన్‌బీఏలో 40 దేశాలకు చెందిన 125 మంది విదేశీ ఆటగాళ్లున్నారు. 2019 నుంచి 2025 దాకా అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఒక్క అమెరికాలో పుట్టినవాడికీ దక్కలేదు. న్యూయార్క్ వాటా కొంత తగ్గడం దీనివల్లే, ఒప్పుకోవాలి. అయితే అదే కాలంలో చలీ, భారీ అద్దెలూ ఉన్న టొరాంటో ఎదిగింది. 2013, 2014 డ్రాఫ్టుల్లో మొదటి స్థానంలో ఎంపికైన ఆంథొనీ బెన్నెట్, ఆండ్రూ విగ్గిన్స్ ఆ నగర ప్రాంతంవాళ్లు. 2025లో అత్యుత్తమ ఆటగాడైన షే గిల్జియస్-అలెగ్జాండర్ టొరాంటోలో పుట్టి పక్కనే హామిల్టన్‌లో పెరిగాడు. వీళ్లలోనూ చాలామంది హైస్కూలు రోజుల్లోనే అమెరికా బోర్డింగ్ స్కూళ్లకు వెళ్లారు, అయినా ఆ నగరం పేరు వెలిగింది. పెద్ద నగరం కావడం, ఖరీదైన నగరం కావడం, పిల్లలు బయటికి వెళ్లడం, ఇవేవీ విడివిడిగా ఆటగాళ్లను ఆపవని టొరాంటో చెబుతోంది.

2018లో న్యూయార్క్ ప్రభుత్వ బడుల విద్యార్థులు నగర విద్యాశాఖ మీద న్యాయస్థానంలో దావా వేశారు. నల్లజాతి, లాటినో పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు మిగతా బడులకంటే తక్కువ క్రీడా జట్లు ఉన్నాయన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ పిల్లలు అడిగింది ఎన్‌బీఏ కాదు, స్కాలర్‌షిప్పు కూడా కాదు. తమ బడికొక జట్టు కావాలన్నారు. కొత్త కోర్టులు గీసి, పాత కోర్టులకు రంగులేసి, రకర్ పార్కుకు మెరుగులు దిద్దితే నగరం ఈ సమస్యకు జవాబిచ్చినట్టు కాదు. ఆ డబ్బులో కొంతైనా సాయంత్రం ఆరు తర్వాత బడి జిమ్ తలుపు తెరవడానికీ, లోపల పిల్లల పేర్లు తెలిసిన ఒక మనిషిని పదేళ్లపాటు జీతమిచ్చి ఉంచడానికీ వెళ్తుందా లేదా అన్నది నగర బడ్జెట్‌లో చూడాలి.